పెద్దాసుపత్రి ఫోన్ ట్రయాజ్ చిన్న క్లినిక్‌కి అందాలంటే

డాక్టర్ గారూ, మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. ఫ్యామిలీ మెడిసిన్‌లో డీఎన్‌బీ (పీజీ) చేసి బెంగళూరులో హొసకోటె రోడ్డు వైపు సొంత క్లినిక్ పెట్టుకున్నారు. వచ్చేవాళ్లలో మన తెలుగువాళ్లు ఎక్కువ. పొద్దున లేచింది మొదలు ఫోను మోగుతూనే ఉంటుంది, ఎత్తడానికి మీ రిసెప్షన్ అమ్మాయి ఒక్కతే. ఒక పెద్ద ఆసుపత్రి తరఫు మనిషి వచ్చి, వాళ్ల కాల్ సెంటర్లో నర్సులు వాడే ఫోన్ ట్రయాజ్ సాఫ్ట్‌వేర్, అంటే ఫోన్ చేసినవాళ్లలో ఎవరిని ఎంత తొందరగా చూడాలో తేల్చడానికి సాయపడేది, చూపించాడు. కొనాలంటే కనీసం ఐదు సీట్లు (ఐదుగురు వాడుకునే లైసెన్సులు) తీసుకోవాలి, ఏడాది డబ్బు ముందే కట్టాలి. ‘పార్ట్‌నర్ క్లినిక్’గా చేరితే ఉచితం. చేరాలా, కొనాలా, మానాలా అని అడిగారు. ఇలాంటి సాధనం పెద్దవాళ్లకే ఎందుకు దొరుకుతుంది, ఫ్యామిలీ డాక్టరుకి సమానంగా ఎందుకు అందదు అని కూడా అడిగారు.

మొదటిదానికి జవాబు చిన్నది. చేరకండి. ఒంటరిగా కొనకండి. రెండోదాని గురించే ఇంత పొడుగు రాస్తున్నాను. మీ ఫిర్యాదు న్యాయమైనదే గానీ, మనకు అందకుండా పోతున్న అసలు వస్తువు ఆ సాఫ్ట్‌వేర్ కాదని చాలా ఏళ్లుగా ఈ ఊళ్లో ప్రాక్టీసు చేస్తున్నవాడిగా నా నమ్మకం.

ముందు ఆ ‘ఉచితం’ సంగతి. ఒప్పందం కాయితం చివరిదాకా చదవండి. అత్యవసరం అని తేలిన కాల్ ఎవరి అంబులెన్స్‌కి, ఎవరి క్యాజువాల్టీకి పోతుందో అందులో ముందే రాసి ఉంటుంది. మీ పేషెంటు నంబరూ జబ్బు వివరాలూ వాళ్ల సర్వర్లో చేరతాయి. పేషెంటును పంపినందుకు కమీషన్ గానీ కానుక గానీ పుచ్చుకోకూడదని 2002 నాటి వైద్యవృత్తి నిబంధనల్లో 6.4 స్పష్టంగా చెబుతుంది. 2023 ఆగస్టులో జాతీయ వైద్య కమిషన్ (ఎన్ఎంసీ) కొత్త నిబంధనలు తెచ్చి ఆ నెలలోనే పక్కన పెట్టింది కాబట్టి ఇప్పటికీ నడుస్తున్నవి పాతవే. డబ్బుకు బదులు సాఫ్ట్‌వేర్ ఇస్తే అది కానుక కిందికి రాదని వాదించే లాయరు దొరక్కపోడు. ఆ వాదన మీ రిజిస్ట్రేషన్ నంబరు మీద జరగనివ్వకండి, అంతే.

ఇక ట్రయాజ్ అనేది ఏం చేస్తుంది? ఈ మనిషిని ఇప్పుడే పంపాలా, ఇవాళ పొద్దుపోయేలోగా చూడాలా, రెండు రోజులు ఆగొచ్చా, పంపితే ఎక్కడికి పంపాలి. ఫోన్లో తేలాల్సింది ఇంతే. జబ్బు పేరు తేలక్కర్లేదు. కొత్తగా ప్రాక్టీసులోకి వచ్చినవాళ్లు ఫోన్లో డయాగ్నసిస్ కోసం తడుముకుంటూ పది నిమిషాలు మాట్లాడి, ఆఖర్న ‘ఎందుకైనా మంచిది ఒకసారి రండి’ అంటారు. ఆ మాట మొదటి నిమిషంలోనే అనొచ్చు.

ఇంగ్లండులో 1998లో అక్కడి ప్రభుత్వ వైద్యసేవ ఎన్‌హెచ్ఎస్ వాళ్ల ఫోన్ లైను ఎన్‌హెచ్ఎస్ డైరెక్ట్ మొదలైనప్పుడు ఫోన్లో సలహా చెప్పే పని నర్సులది. దాని తర్వాత వచ్చిన 111 లైన్లో ముందుగా ఎత్తేది వైద్య చదువు లేని ఉద్యోగులు. ఎదురుగా తెర మీద ఎన్‌హెచ్ఎస్ పాత్‌వేస్ ప్రశ్నలు ఒకదాని తర్వాత ఒకటి వస్తుంటే అవే అడుగుతారు, అవసరమైన చోట నర్సుకో పారామెడిక్‌కో డాక్టరుకో అందిస్తారు. అమెరికాలో పిల్లల డాక్టరు బార్టన్ ష్మిట్, పెద్దల కోసం డేవిడ్ థాంప్సన్ రాసిన ప్రోటోకాల్స్ బాగా చెల్లుబాటులో ఉన్నాయి. మనవాళ్లేమీ వెనకబడి లేరు. 2007లోనే హైదరాబాద్ నుంచి 104 నడిచింది. పల్లెలో కూర్చున్నవాళ్లు తెలుగులో, పైసా ఖర్చు లేకుండా, ఆరోగ్య సలహా అడిగారు. తర్వాత కర్ణాటకలో ఆరోగ్య సహాయవాణి పేరుతో, తమిళనాడులో కూడా అదే నంబరు వచ్చింది. అంటే మన భాషల్లో ఫోన్ ట్రయాజ్ చేసిన అనుభవం ప్రభుత్వాల దగ్గర బోలెడంత ఉంది. ఆ ప్రశ్నల పట్టీలు మాత్రం నా బల్ల మీదికి ఒక్కసారీ రాలేదు. ఈ మాట మళ్లీ ఎత్తుతాను.

అమ్మేవాడు మీకు చెప్పి ఉంటాడు, ‘సార్, ఇది పెడితే మీ పని సగం తగ్గుతుంది’ అని. తగ్గదు. 2014లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన ఎస్టీమ్ అధ్యయనం తిరగేయండి. ఇంగ్లండులో 42 ఫ్యామిలీ ప్రాక్టీసుల్లో, అదే రోజు చూడమని అడిగిన దాదాపు 21 వేల మందిని తీసుకున్నారు. కొన్నిచోట్ల డాక్టరే తిరిగి ఫోన్ చేశాడు, కొన్నిచోట్ల కంప్యూటరు సాయంతో నర్సు చేసింది, మిగతాచోట్ల మామూలుగా నడవనిచ్చారు. తర్వాతి 28 రోజుల్లో ఒక్కో పేషెంటు ఎన్నిసార్లు ప్రాక్టీసు గడప తొక్కాడో, ఎన్నిసార్లు ఫోన్ చేశాడో అంతా లెక్కేస్తే, డాక్టరు ట్రయాజ్ చేసిన చోట మామూలు కంటే 33 శాతం, నర్సు చేసిన చోట 48 శాతం ఎక్కువ తేలింది. ఖర్చు మూడు చోట్లా ఇంచుమించు ఒకటే. ప్రాణాపాయమేమీ పెరగలేదు, నిజమే. కానీ పని ఒకచోట తగ్గి ఇంకోచోట పేరుకుంది. అందుకే ట్రయాజ్ వల్ల పని తగ్గుతుందని ఆశ పెట్టుకోవద్దంటాను. ముందు చూడాల్సినవాణ్ణి ముందు చూస్తాం, దాని లాభం అదీ.

ఇక్కడ మన దేశానికి ప్రత్యేకమైన మెలిక ఒకటుంది. దీని మీద ఎవరూ పెద్దగా మాట్లాడరు. ఇంగ్లండు ఫ్యామిలీ డాక్టరుకి రాబడి ప్రధానంగా తన దగ్గర నమోదైన జనం లెక్కన వస్తుంది. పేషెంటు రాకపోతే ఆయనకి నష్టం లేదు. మనకి మనిషి వచ్చి కుర్చీలో కూర్చుంటేనే ఫీజు. ఫోన్లో ‘రానక్కర్లేదమ్మా, ఓఆర్ఎస్ పట్టించు, రేపటికీ విరేచనాలు ఆగకపోతే తీసుకురా’ అని సరిగ్గా చెప్పిన డాక్టరు ఆ పూట ఫీజు పోగొట్టుకున్నాడు. పెద్దాసుపత్రి లెక్క వేరు. వాళ్ల కాల్ సెంటర్ ఖర్చు ఫోన్లో తిరిగి రాక్కర్లేదు. లైన్లోకి వచ్చినవాళ్లలో కొద్దిమంది స్కానుకో అడ్మిషన్‌కో వస్తే అక్కడ వసూలవుతుంది. కాబట్టి ఒకే సాఫ్ట్‌వేర్‌ని ఇద్దరికీ ఒకే ధరకి ఇచ్చినా సమానం అవదు. ఒకరికి అది పేషెంట్లను పోగుచేసే మార్గం, ఇంకొకరికి పేషెంటు డబ్బు మిగిల్చే మార్గం. రెండోవాడికి ఆ పనికి డబ్బిచ్చేవాడు లేడు. 2020 జూన్‌లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ బీమా కంపెనీలకి, డాక్టరు సంప్రదింపు ఖర్చు కవర్ చేసే పాలసీల్లో టెలిమెడిసిన్ ఖర్చు కూడా చెల్లించమని చెప్పింది. ఓపీ ఖర్చే ఇవ్వని పాలసీలు జేబులో పెట్టుకుని తిరిగే మన పేషెంట్లకి దానివల్ల ఒరిగింది తక్కువ.

ఇప్పుడు ఆ వస్తువుని విప్పి చూద్దాం. మీకు చూపించినది పైకి ఒకటిగా కనిపిస్తుంది గానీ లోపల మూడు ముక్కలు. లైను, ప్రశ్నలు, రికార్డు.

లైను అంటే వచ్చిన కాల్‌ని వరసలో పెట్టడం, ఎత్తలేకపోయిన నంబరు పట్టి ఉంచడం, తెలుగుకి ఒకటి కన్నడకి రెండు నొక్కించడం, మాట రికార్డు చేయడం. ఒకప్పుడు బ్యాంకులకే ఉండేది. ఇప్పుడు ఈ ఊళ్లోనే పుట్టిన ఎగ్జోటెల్ లాంటి క్లౌడ్ టెలిఫోనీ (ఇంటర్నెట్ మీద ఫోన్ లైన్లు నడిపే) కంపెనీలు చిన్న వ్యాపారాలకూ ఇస్తున్నాయి. ఆస్టరిస్క్ అని ఓపెన్ సోర్స్‌లో ఉచితంగా దొరికేదీ ఉంది, కాకపోతే దాన్ని చూసుకునే కుర్రాడు ఒకడు కావాలి. ఇక్కడ అసమానత అంతా చిల్లర రూపంలో ఉంటుంది. మన వైద్య సేవకి జీఎస్టీ మినహాయింపు ఉంది కాబట్టి సాఫ్ట్‌వేర్ మీదా ఫోన్ సేవ మీదా కట్టిన 18 శాతం మనకి వెనక్కి రాదు. వైద్యం వరకు పెద్దాసుపత్రికీ ఇదే నియమం, కానీ వందల సీట్లకి బేరమాడినవాడు ఆ 18 శాతాన్ని ధరలోనే దింపేసుకుంటాడు. పేషెంట్లకి గుంపుగా ఎస్ఎంఎస్‌లు పంపాలంటే టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనల ప్రకారం డీఎల్‌టీ అనే నమోదు వేదికలో పేరు, మెసేజీ నమూనా నమోదు చేయించాలి. వాళ్లకి దానికొక ఉద్యోగి ఉంటాడు. మనకి ఆ పని చేసేది ఓపీ అయ్యాక మనమే.

రికార్డు సంగతి త్వరగా ముగిస్తాను. ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ 2021 సెప్టెంబరులో దేశమంతటా మొదలైంది. 14 అంకెల ఆభా (ఆరోగ్య ఖాతా) నంబరుతో పేషెంటు కాయితాలు ఒక చోటి నుంచి ఇంకో చోటికి కదలాలని ఉద్దేశం. చిన్న క్లినిక్‌లని అందులోకి తేవడానికి మైక్రోసైట్ల పథకం కూడా పెట్టారు. చేరండి, నష్టం లేదు. ట్రయాజ్‌కి మాత్రం ఒక గళ్ల నోటుబుక్కు చాలు.

ప్రశ్నలు. ప్రాణం ఇక్కడుంది, ధరా ఇక్కడే ఉంది. ఏ లక్షణానికి ఏది ముందు అడగాలి, ఏ జవాబు వస్తే మిగతావి వదిలేసి వెంటనే పంపాలి అన్న వరస తయారుచేయడానికి ఏళ్లు పడుతుంది, ఏటా దిద్దుతుండాలి. అందుకే లైసెన్సు పెట్టి అమ్ముతారు, దాన్ని తప్పుపట్టను. కానీ దొరికేవి ఇంగ్లీషులో, అక్కడి ఇళ్లకీ అక్కడి జబ్బులకీ తగినట్టు రాసినవి. డెంగీ, పాముకాటు, పురుగుమందు, ఎండదెబ్బ మన పట్టీలో మొదటి పేజీలో ఉండాలి. ఈ ప్రశ్నలు లేకుండా ఖరీదైన తెర కొనడమంటే మినప్పప్పు నానబెట్టకుండా గ్రైండరు తెచ్చుకోవడమే.

కాబట్టి మీరు ముందు చేయాల్సింది మీ రిసెప్షన్ అమ్మాయికి తెలుగులో, కన్నడలో ఒక కాయితం రాసివ్వడం. మా క్లినిక్‌లో నడుస్తున్న పద్ధతి చెబుతాను, మీకు తగ్గట్టు మార్చుకోండి.

ఫోన్ ఎత్తగానే ముందు అడగాల్సింది నంబరు, తర్వాత ఎక్కడున్నారన్నది. జబ్బు మూడోది. ఫోన్ కట్ అయిపోతే మనిషిని మళ్లీ పట్టుకోవాలి గదా. ‘ఎక్కడున్నారు’ అన్నది ఊరికే అడిగేది కాదు. వైట్‌ఫీల్డ్‌లో ఉద్యోగం చేసే అబ్బాయి హిందూపురంలో ఉన్న తల్లి గురించి ఫోన్ చేస్తాడు. మన క్లినిక్‌లకి ఇలాంటి కాల్స్ ఎక్కువ. అతను కంగారులో ఇక్కడి నుంచి 108 కొడితే అది కర్ణాటక 108కి పోతుంది, హిందూపురానికి బండి రాదు. అక్కడ తల్లి పక్కన ఉన్న మనిషి తన ఫోన్ నుంచి 108 కొట్టాలి. ఈ ఒక్క వాక్యం మా కాయితం మీద ఎర్ర సిరాతో ఉంటుంది. ఏ విదేశీ ప్రోటోకాల్లోనూ ఇది దొరకదు.

తర్వాత, జబ్బు ఉన్న మనిషికే ఫోన్ ఇమ్మనడం. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (ఎన్ఎఫ్‌హెచ్ఎస్-5) ప్రకారం దేశంలో తాము స్వయంగా వాడుకునే ఫోన్ ఉన్న ఆడవాళ్లు 54 శాతమే. భార్య కడుపునొప్పి గురించి భర్త చెబుతాడు, కూలీ జ్వరం గురించి మేస్త్రి చెబుతాడు. కాడుగోడి వైపు అపార్ట్‌మెంట్ పనుల్లో ఉండే పాలమూరు వాళ్ల సంగతి మీకు నాకంటే బాగా తెలుసు. గర్భిణి విషయంలో రక్తస్రావం, బిడ్డ కదలిక తగ్గడం, తలనొప్పితో చూపు మసకబారడం లాంటివి ఆమెని అడిగితేనే బయటపడతాయి. ఆయాసం ఉందన్నవాళ్లతో రెండు మాటలు మాట్లాడిస్తే చాలు. ఒక వాక్యం ఊపిరి తీసుకోకుండా పూర్తి చేయలేకపోతే ఇక ప్రశ్నలు అనవసరం.

వెంటనే పంపాల్సినవాటి పట్టీ చిన్నదిగా ఉండాలి, లేకపోతే ఎవరూ చదవరు. ఛాతీలో బరువు, చెమటలు, ఆయాసం. మూతి వంకరపోవడం, ఒక పక్క చెయ్యి కాలు పడిపోవడం, మాట ముద్దగా రావడం. ఫిట్స్. ఆగని రక్తం. పాము, విషం. మూడు నెలలు నిండని పసిబిడ్డకి 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ గానీ అంతకు మించి గానీ జ్వరం. గర్భిణికి పైన చెప్పినవి. పక్షవాతం లక్షణాలు కనిపిస్తే అవి ఎప్పుడు మొదలయ్యాయో టైము రాసుకోవాలి, ఎందుకంటే గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కి సాధారణంగా నాలుగున్నర గంటల గడువు. డెంగీ రోజుల్లో ఇంకొకటి. జ్వరం తగ్గింది గానీ కడుపునొప్పి, ఆగని వాంతులు, మగతగా పడుకోవడం అంటే అది నయమవడం కాదు, ప్రమాదం మొదలయ్యేది అప్పుడే. జ్వరం తగ్గిందని చెప్పి సంతోషంగా ఫోన్ పెట్టేయబోయేవాళ్లని ఆపి అడగమని మా రిసెప్షన్ అమ్మాయికి నేర్పాను.

ఇక ‘గ్యాస్ పట్టేసింది, ఓ మాత్ర చెప్పండి’ అనే కాల్. నలభై దాటిన మనిషి, షుగరో బీపీయో ఉంది, మెట్లెక్కితే పెరుగుతోంది. ఈసీజీ తీసేదాకా దాన్ని గ్యాస్ అనడానికి వీల్లేదు. ఇక్కడే బెంగళూరు ట్రాఫిక్ కూడా ట్రయాజ్‌లో భాగమవుతుంది. సాయంత్రం ఆరింటికి కె.ఆర్.పురం నుంచి బన్నేరుఘట్ట రోడ్డులోని జయదేవ గుండె ఆసుపత్రికి పంపడమా, దగ్గర్లో ఈసీజీ, గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఉన్న చోటికి ముందు పంపడమా అన్నది పుస్తకంలో ఉండదు. మీ చుట్టుపక్కల ఏ ఆసుపత్రిలో ఏ వేళ ఎవరుంటారో తెలిసి ఉండటమే ఫ్యామిలీ డాక్టరు బలం. ఎక్కడో కూర్చున్న కాల్ సెంటరుకి ఆ సంగతి తెలియదు.

అన్నిటికంటే ముఖ్యమైన నియమం ఇది. రిసెప్షన్ అమ్మాయికి, నర్సుకి, కాంపౌండరుకి మనిషిని త్వరగా పంపే అధికారం ఉంది. ‘రానక్కర్లేదు’ అని చెప్పే అధికారం లేదు. ఆ మాట డాక్టరే చెప్పాలి. అత్యవసరం కాని కాల్ ఏదైనా నోటుబుక్కులో రాసుకుని, డాక్టరుగారు ఫలానా టైముకి తిరిగి చేస్తారని చెప్పి పెట్టేయాలి. మధ్యాహ్నం ఓపీ అయ్యాక, మళ్లీ రాత్రి మూసేముందు మీరు ఆ వరస పట్టుకుని ఫోన్లు చేయండి. చెప్పిన టైముకి చేస్తే ఈలోగా మళ్లీ మళ్లీ మోగడం దానంతటదే తగ్గుతుంది. ఒకే బాధకి రెండోసారీ మూడోసారీ ఫోన్ వస్తే ఇక ప్రశ్నలు కట్టిపెట్టి ఆ రోజే రమ్మనండి. వారానికోసారి నోటుబుక్కు తిరగేసి, ఆగొచ్చు అన్నవాళ్లలో ఎవరైనా ఆసుపత్రిలో చేరారేమో కనుక్కోండి. అమ్మడానికి వచ్చినవాడు రంగురంగుల గ్రాఫుల్లో చూపించే ఆడిట్ కూడా ఇదే.

ఈ నియమం నా చాదస్తం కాదు, చట్టం వైపు నుంచి కూడా ఇదే క్షేమం. 2020 మార్చి 25న వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం ఫోన్లో వైద్య సలహా ఇవ్వాల్సింది రిజిస్టర్డ్ డాక్టరు. దేశంలో ఎక్కడి పేషెంటుకైనా ఇవ్వొచ్చు. పేషెంటే ఫోన్ చేస్తే అంగీకారం ఉన్నట్టే లెక్క. ఫీజు తీసుకోవచ్చు, రసీదు ఇవ్వాలి, రికార్డు ఉంచాలి. పారాసిటమాల్, ఓఆర్ఎస్ లాంటివి మామూలు కాల్ మీద చెప్పొచ్చు. కొన్ని మందులకి మొదటిసారి వీడియోలో చూడాలి. గట్టి నియంత్రణ ఉన్న షెడ్యూల్ ఎక్స్ మందులు, మత్తుమందుల చట్టం కిందికొచ్చేవి అసలు రాయకూడదు. కృత్రిమ మేధ వేదికలు పేషెంటుకి సలహా ఇవ్వడం గానీ మందు రాయడం గానీ కుదరదని, డాక్టరుకి సాయంగా మాత్రమే ఉండొచ్చని కూడా అందులో ఉంది. మీకు చూపించిన సాఫ్ట్‌వేర్‌లో చాట్‌బాట్ పేషెంటుతో నేరుగా మాట్లాడి ‘ఇంట్లోనే ఉండండి’ అంటుంటే ఆ బాధ్యత ఎవరిదో రాతపూర్వకంగా అడగండి. 1995లో సుప్రీంకోర్టు శాంతా కేసు తీర్పుతో ఫీజు తీసుకునే వైద్యసేవ వినియోగదారుల చట్టం కిందికి వచ్చింది. వాళ్ల ఒప్పందంలో మాత్రం ‘తుది నిర్ణయం క్లినిక్‌దే’ అని చిన్న అక్షరాల్లో ఉండటం నేను చూశాను. నిర్ణయం వాళ్ల తెరది, పూచీ మీది. కాల్ రికార్డు చేస్తే ముందే చెప్పండి. 2023 డేటా రక్షణ చట్టం పూర్తిగా అమలయ్యాక అది మర్యాద కోసం చెప్పే మాటగా మిగలదు.

సరే, మనం ఏం అడగాలి? మనకి సాఫ్ట్‌వేర్ సబ్సిడీ ఇమ్మని వినతిపత్రం పెడదామని కొందరు మిత్రులు అంటారు. నాకు ఇష్టం లేదు. సబ్సిడీ అమ్మేవాడి జేబులోకి పోతుంది. 104 నడిపిన ప్రభుత్వాలు తమ ప్రశ్నల పట్టీలని తెలుగు, కన్నడ, తమిళ భాషల్లో అందరికీ తెరిచి పెట్టమని అడగాలి. జనం డబ్బుతో తయారైనవి అవి. మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ ఇక్కడే ఉంది. 2022 అక్టోబరులో మొదలైన మానసిక ఆరోగ్య ఫోన్ లైను టెలి మానస్‌ని, 14416 నంబరుని, దేశమంతా పలు భాషల్లో నడిపించడంలో వాళ్లది ప్రధాన పాత్ర. మానసిక ఆరోగ్యానికి అంత చేయగలిగినప్పుడు జ్వరానికీ ఛాతీనొప్పికీ అడగాల్సిన ప్రశ్నలు ఒక పీడీఎఫ్‌గా ఇవ్వడం కష్టమేమీ కాదు. కన్నడ నటుడు పునీత్ రాజ్‌కుమార్ పేరుతో కర్ణాటకలో వచ్చిన హృదయ జ్యోతి పథకం చూడండి. తాలూకా ఆసుపత్రిలో తీసిన ఈసీజీని జయదేవ లాంటి పెద్ద కేంద్రంలో నిపుణులు చూసి చెబుతారు, ఖరీదైన ఇంజెక్షన్ అక్కడే ఉచితంగా ఇస్తారు. చిన్నచోట ఉన్న డాక్టరుకి మెషీను ఒక్కటే ఇచ్చి వదిలేయలేదు, అవతల జవాబు చెప్పే మనిషిని కూడా పెట్టారు. నేను అందుబాటు అనేది దాన్ని. మన ప్రైవేటు ఫ్యామిలీ క్లినిక్‌లు ఫోన్ చేస్తే పెద్దాసుపత్రుల క్యాజువాల్టీలో ఎత్తే ఒక నంబరు ఉండాలి. ఇప్పుడు మనం చేసినా పేషెంటు చేసినా ‘ఒకటి నొక్కండి, రెండు నొక్కండి’ అనే అదే ఐవీఆర్, అదే సంగీతం.

ఇవన్నీ వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. నెదర్లాండ్స్‌లో 2000 ప్రాంతంలో ఫ్యామిలీ డాక్టర్లు రాత్రివేళల కోసం కలిసి సహకార కేంద్రాలు పెట్టుకున్నారు. అక్కడ ఫోన్ ఎత్తే సహాయకులు ఒకే జాతీయ ప్రమాణం చూసి అడుగుతారు, వెనకాల ఒక డాక్టరు బాధ్యుడిగా ఉంటాడు. ఏ ఒక్కరూ ఒంటరిగా భరించలేని ఖర్చు అందరి మధ్యా పంచుకున్నారు. మీకు అడ్డంగా ఉన్న ఆ ‘కనీసం ఐదు సీట్లు’ షరతు ఇక్కడ పనికొస్తుంది. కె.ఆర్.పురం నుంచి హొసకోటె దాకా మీలాంటి క్లినిక్‌లు నాలుగైనా దొరకవా? ఫ్యామిలీ ఫిజీషియన్ల అకాడమీ ఏఎఫ్‌పీఐలో అడిగితే ముఖపరిచయం లేనివాళ్లూ కలుస్తారు. ఐదుగురు కలిసి ఒక లైను, పగలు ఒక నర్సు, రాత్రికి వంతులవారీ డాక్టరు. ముందు కొన్ని నెలలు నోటుబుక్కు, కాయితం ప్రశ్నలతో నడపండి. ఏ ప్రశ్న దగ్గర మీ నర్సు తడబడుతుందో, ఏ వేళ కాల్స్ ముసురుతాయో అప్పుడు తెలుస్తుంది. అది తెలిసినవాడు సాఫ్ట్‌వేర్ కొంటే బేరం వేరేగా ఉంటుంది.

అప్పుడు ఆ సేల్స్ అబ్బాయిని మళ్లీ పిలవండి. మర్యాదగానే, టీ ఇచ్చే. ప్రశ్నలని ఏడాదికి ఎన్నిసార్లు దిద్దుతారు, దిద్దే డాక్టర్లెవరు? తెలుగు, కన్నడ ప్రశ్నలు మనుషులు రాసి సరిచూసినవా, యంత్రం తిప్పినవా? డెంగీ, పాముకాటు వరసలు చూపించమనండి, ఆ రెండూ చూస్తే మిగతాది మీకే అర్థమవుతుంది. హిందూపురం తల్లి కేసు ఇచ్చి తెర ఏం చెబుతుందో చూడండి. ఏ ఆసుపత్రికి పంపాలన్న పట్టీ మీరే నింపుకునే వీలుందా, ఐదు క్లినిక్‌ల పేషెంట్ల వివరాలు విడివిడిగా ఉంటాయా అని అడగండి. ఒప్పందం వదులుకున్న రోజున మీ కాల్ రికార్డులన్నీ ఎక్సెల్ ఫైలుగా తిరిగి ఇచ్చి, వాళ్ల సర్వర్లోంచి చెరిపేస్తామని సంతకంతో కాయితం తెమ్మనండి. అది చేతికొచ్చాకే ఐదుగురూ చెక్కు రాయండి.